నూట నలభై ఎనిమిది గొడ్డళ్ళకు తలంటు

ఆయుధపూజ రోజు పొద్దున తొమ్మిదిన్నరకు నేను మ్యూజియం గేటు తీసుకుని లోపలికి వెళ్ళేసరికి, పెరట్లో బోరు పక్కన రెండు గోనెపట్టాల మీద రాతి గొడ్డళ్ళు ఆరుతున్నాయి. ముందు లెక్కపెట్టాను. నూట నలభై ఎనిమిది. ఒక్కటీ తగ్గలేదు. ఆ పూట సంతోషించడానికి దొరికిన విషయం అదొక్కటే.

ప్రతి రాయీ నిగనిగలాడుతోంది. ప్రతి రాయికీ మూడు విభూది గీతలు, మధ్యలో కుంకుమ బొట్టు. పక్కన ప్లాస్టిక్ టబ్బులో నురగ నీళ్ళు, కొబ్బరి పీచు, సగం వాడిన బట్టల సబ్బు పొడి ప్యాకెట్టు. నురగ కాస్త నలుపు తిరిగి ఉంది. ఆ నలుపు నా రెండు నెలల పని.

ఆ గొడ్డళ్ళు వేల ఏళ్ళ కిందట, ఇనుము సంగతి ఎవరికీ తెలియని కాలంలో, మా జిల్లాలోనే ఒక గుట్ట మీద నల్లరాయిని చెక్కి, బండకేసి అరగదీసి చేసినవి. ఒక్కొక్కటి అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. ఒకవైపు సన్నం, అంచువైపు వెడల్పు, ముక్కోణానికి కాస్త పొట్ట వచ్చినట్టు. తెలియనివాడికి నూట నలభై ఎనిమిదీ ఒకటే రాయి. తెలిసినవాడికీ దాదాపు అంతే. అందుకే వాటి మీద నంబరు రాస్తారు. నంబరు పట్టుకుని రిజిస్టరు చూస్తే ఆ రాయి గుట్ట మీద ఏ చోట దొరికిందో తెలుస్తుంది. నంబరు పోతే అది మంచి రాయి. పచ్చడి నూరుకోవచ్చు.

నేను చదివింది మెకానికల్ ఇంజనీరింగు. ఒక ఉక్కు కార్ఖానాలో ఏడాది పాటు బోల్టుల వ్యాసం కొలిచాక, మా ఊరి చిన్న సర్కారు మ్యూజియంలో సామాను పట్టిక తయారుచేసే కాంట్రాక్టు పని దొరికింది. మా నాయనది బళ్ళారి బ్రూస్‌పేటలో స్టీలు పాత్రల అంగడి. కొడుకు ఇంజనీరై పాతరాళ్ళు లెక్కపెట్టే పనికి పోతున్నాడని గిరాకీలకు ఎలా చెప్పాలో ఆయనకు తోచలేదు. కొన్నాళ్ళు ‘సెంట్రల్ గవర్నమెంటు రీసెర్చి’ అని చెప్పాడు. అందులో మూడు మాటలూ తప్పే.

మ్యూజియం అంటే మూడు గదులు, ఒక గోదాం. చేరిన రోజు నేను రాసుకున్న జాబితా ఇప్పటికీ నా దగ్గర ఉంది. కుండపెంకుల పెట్టె మీద నీళ్ళ ఫిల్టరు. వీరగల్లుకు ఆనించి గొడుగులు. సండూరు కొండల్లోంచి వచ్చిన శిలాజం ఒకటి, వందల కోట్ల ఏళ్ళ కిందటి నాచు పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారినది, అధికారి గది తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం. ఆ శిలాజాన్ని తీసి, దుమ్ము తుడిచి, తూచి, బీరువాలో పెట్టాను. మరునాడు అధికారి నన్ను పిలిపించి తలుపు కొట్టుకుంటోందని చెప్పాడు. ఆ రాయి వయసు, విలువ వివరించాను. శ్రద్ధగా విన్నాడు. విని, అయితే అలాంటిదే ఇంకోటి ఏదైనా ఉందా అని అడిగాడు.

ఆయన మూడు ఆఫీసులకు ఇన్‌చార్జి. మా దగ్గరికి వారానికి రెండు పూటలు వచ్చేవాడు. చెడ్డవాడు కాదు. ఫైలు కదిలితే ఆయనకు సంతోషం, ఎటు కదిలినా సరే. మిగతా పూటలన్నీ మ్యూజియాన్ని నడిపేది అటెండరు. ఆయనకు యాభై దాటాయి, ఇరవై ఏళ్ళుగా అక్కడే. తాళాలు, చీపురు, కిటికీలు, చూడ్డానికి వచ్చిన బడిపిల్లలకు రెండు భాషల్లో అబద్ధాలు, అన్నీ ఆయన చేతి మీదే.

గొడ్డళ్ళను మ్యూజియానికి ఇచ్చింది రిటైరైన ఒక డ్రాయింగు అయివారు. గుట్ట ఆయన ఊరి పక్కనే ఉంది. గుట్ట సర్కారుది, ఊరి పశువులు మేయడానికి వదిలిన గోమాళం. బడి వదిలాక సాయంత్రాలూ ఆదివారాలూ ఆయన ముప్పై ఏళ్ళు ఆ గుట్టెక్కాడు. వాన వెలిసిన తర్వాత మట్టి కొట్టుకుపోయి పైకి తేలిన గొడ్డళ్ళను ఏరి, ఏది ఏ బండ పక్కన దొరికిందో రాసి పెట్టాడు. సర్కారు నేలలో దొరికింది సర్కారుకే చేరాలని చివరికి రెండు గోనెసంచుల్లో బస్సుమీద మోసుకొచ్చి అప్పగించాడు. మ్యూజియం రసీదు ఇచ్చింది. ఇచ్చి, నేను వచ్చేదాకా, ఆరేళ్ళు వాటిని ఆ సంచుల్లోనే ఉంచింది.

ఆ ఏడు ఆ గుట్ట దక్షిణపు వాలును కంకర క్వారీకి వేలం వేసే జాబితాలో చేర్చారు. అయివారు అర్జీ పెట్టాడు. ఆ వాలు మీద పాతకాలపు మనుషులు గొడ్డళ్ళు చేసిన చోటు ఉంది, ఋజువు మీ మ్యూజియంలోనే ఉంది, వచ్చి చూడండి అని. దసరా అయిన మూడో వారం ఒక కమిటీ వచ్చి ఆ ఋజువు చూస్తుందని, వాలును జాబితాలో ఉంచాలో తీసెయ్యాలో అక్కడికక్కడే చెబుతుందని జవాబు వచ్చింది. రెండు పేజీల ఉత్తరం. అందులో మధ్యాహ్న భోజనం ఏర్పాట్ల గురించి ఒక పేరా ఉంది. గుట్టకు వెళ్ళడం గురించి ఒక్క వాక్యం లేదు. కమిటీ చూడబోయేది రాళ్ళను, రాళ్ళ మీద నా నంబర్లను. ఏ గొడ్డలి దక్షిణపు వాలుదో చెప్పగలిగేది ఆ నంబర్లొక్కటే.

ఇప్పుడు ఆ నంబర్లు టబ్బులో ఉన్నాయి.

అటెండరును పిలిచి ఎందుకు కడిగావని అడిగాను. ఆయన చేతిలో బొరుగుల ప్రసాదం పళ్ళెం ఉంది.

“ఏటా జీపుకు చేస్తాంటిమి. జీపు వేలంలో పాయ. కంప్యూటరు మీద నీళ్ళు పడకూడదని నువ్వే చెప్తివి. ఇంగ ఈడ సామాను అంటే ఇవే కదప్పా,” అన్నాడు. పళ్ళెం కింద పెట్టి, “ఎవరో పనిచేసుకున్న సామాను. ఇన్నేండ్లల్లో దీనికొక బొట్టు పెట్టినోడు లేడు. నీ నంబరు సబ్బుకే పోతాదని నాకేం తెల్సు? సర్కారు నంబరు గట్టిగా ఉంటాదనుకుంటి,” అన్నాడు.

సర్కారు నంబరు గట్టిగా లేకపోవడానికి కారణాలున్నాయి. అవి అన్నీ నావే.

రాతి మీద నంబరు రాయడానికి ఒక పద్ధతి ఉంది. గోరంత మేర రంగులేని వార్నీషు పూయాలి. అది ఆరాక సన్నని కలంతో నంబరు రాయాలి. దాని మీద మళ్ళీ వార్నీషు. మ్యూజియాలలో వాడే వార్నీషు వేరే రకం, బజారులో దొరకదు. దాని కోసం నాలుగుసార్లు రాశాను. ఫైలు కదిలింది, అధికారి సంతోషించాడు, వార్నీషు రాలేదు. అప్పుడు ఈ అటెండరే ఒకరోజు, తన భార్య వాడే రంగులేని గోళ్ళ పాలిష్ సీసా ఇంట్లో ఉంది, తెచ్చి పూసేద్దామా అని అడిగాడు. నేను ఆయన్ని కూర్చోబెట్టి పది నిమిషాలు పాఠం చెప్పాను. అది కొన్నేళ్ళకు పసుపు తిరుగుతుందని, పగుళ్ళిస్తుందని, ప్రమాణాలు అని కొన్ని ఉంటాయని. ఆయన అంతా విని, సీసా తీసుకుని ఇంటికి వెళ్ళాడు. నేను అసలు వార్నీషు వచ్చాక పైన పూయవచ్చులే అని వట్టి రాతి మీద మార్కరు పెన్నుతో నూట నలభై ఎనిమిది నంబర్లు రాశాను. కొన్నేళ్ళకు పసుపు తిరిగే పాలిష్ వద్దన్నవాణ్ణి, రెండు నెలలకు నీళ్ళలో కలిసే సిరాను ఎంచుకున్నాను.

అయివారు ప్రతి రాయినీ దినపత్రిక ముక్కలో చుట్టి, పైన చోటు రాసి ఇచ్చాడు. దినపత్రిక కాగితంలో ఆమ్లం ఉంటుందని, మ్యూజియం వస్తువుల దగ్గర దాన్ని ఉంచకూడదని చదివాను. చోట్లన్నీ రిజిస్టరులోకి ఎక్కించి, కాగితాలు పాతపేపర్లవాడికి వేశాను. ఆ ఆమ్లం పాత బట్టలను, పాత పుస్తకాలను తింటుంది. నల్లరాయిని ఏం చేస్తుందో నేను ఆలోచించలేదు. ఏమీ చేయదు.

ఇక కొలతలు. మొదటి దశ నంబర్లు, రెండో దశ బరువు, కొలతలు, మూడో దశ ఫోటోలు అని గోడకు చార్టు అంటించుకున్నాను. ఒక దశ అన్నిటికీ పూర్తికాకుండా ఇంకోదానికి పోకూడదని కింద రెండు గీతలు గీసి మరీ రాశాను. రెండో దశలో ముప్పై ఒకటో రాయి దాకా పూర్తిచేశాను. ఫోటో ఒక్కటి లేదు. దక్షిణపు వాలు రాళ్ళు రిజిస్టరు చివర్లో ఉన్నాయి కాబట్టి వాటి కొలతలూ లేవు.

ఆఖరుది ఇంకా ఉంది. ఆరేళ్ళు సంచుల్లో పడి ఉన్నప్పుడు వాటికి తలంటాలని ఎవరికీ తోచలేదు. బయటికి తీసి, ట్రేలలో వరుసగా పేర్చి, కంటికి ఇంపుగా పెట్టింది నేనే.

అధికారి పదకొండుకు వచ్చి, హారతి కళ్ళకద్దుకుని, గొడ్డళ్ళ పక్కన నిలబడి ఫోటో తీయించుకున్నాడు. తర్వాత సంగతి చెప్పాను. ఆయన కంగారుపడలేదు. నంబర్లు పోయాయని ఎక్కడా రాయకండి అన్నాడు. రాళ్ళు నూట నలభై ఎనిమిది, నంబర్లు నూట నలభై ఎనిమిది, మళ్ళీ రాసేస్తే సరిపోయె అన్నాడు. ఏ నంబరు ఏ రాయిదో తెలియదు కదా సార్ అంటే, రాయికి తెలుసా అన్నాడు. అంతలో అటెండరు మా నాయన అంగడి సంగతి ఎత్తాడు. పెళ్ళి పాత్రల మీద పేర్లు చెక్కే కరెంటు పెన్ను మా అంగట్లో ఉందని. అధికారి ముఖం వెలిగింది. వేల ఏళ్ళ గొడ్డలి మీద, శాశ్వతంగా, కరెంటు పెన్నుతో. అలా చేస్తే దానిమీద మొట్టమొదటి దెబ్బ మనదే అవుతుందని నచ్చజెప్పడానికి నాకు అరగంట పట్టింది. అప్పటికీ, కనీసం వెనకవైపు చెక్కరాదా అన్నాడు.

మా నాయనకు ఈ సంగతి నాకంటే ముందే చేరింది. మధ్యాహ్నం అంగడికి అన్నం తిననీకి పోతే, గల్లాపెట్టె దగ్గర కూర్చుని, నావైపు చూడకుండానే మొదలుపెట్టాడు.

“మనం చెంబు మీద కొట్టిన పేరు, ఆ చెంబు సొట్టలు పోయి కరిగించేదాకా పోదు. పదో తరగతి తప్పినోడు కొడ్తాండాడు మన అంగట్లో. నీ ఇంజనీరింగంతా పెట్టి రాసింది ఒక సబ్బుకు నిలవకపాయ. గిరాకీ అయింటే చెంబు తెచ్చి మన మొగానే వేసుండేటోడు.”

గిరాకీకి ఫోను చేయక తప్పలేదు. అయివారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన తిట్టలేదు. ఎన్ని పోయినాయి అని అడిగాడు. అన్నీ అన్నాను. సరే, రేపు వస్తా అని ఫోను పెట్టేశాడు. తిట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది.

మరునాడు విజయదశమి సెలవైనా మొదటి బస్సుకే వచ్చాడు. సంచిలోంచి ఐదు డ్రాయింగు పుస్తకాలు తీశాడు. బడిలో పిల్లలు వాడేవే. తెరిస్తే ప్రతి పేజీలో గొడ్డలి ఆకారం. రాయిని కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీత గీసి, లోపల మెట్టలు పల్లాలు సన్నగా నీడ వేసి, కింద చోటు రాసి పెట్టాడు. గద్దబండ పడమర. ముసలమ్మ గుండు కింద. అరుగు బండ. ముప్పై ఏళ్ళ పని. ఇవి ఉన్నట్టు ఎప్పుడూ చెప్పలేదేమని అడిగితే, నువ్వు ఎప్పుడూ అడగలేదు కదా, కాగితాలు చాలన్నావు అన్నాడు. ఆ కాగితాలు ఏమయ్యాయో అప్పటికి ఆయనకు చెప్పలేదు. అప్పుడు చెప్పాను.

తొమ్మిది రోజులు మేమిద్దరం గోదాంలో నేల మీద కూర్చున్నాం. ముందు ముప్పై ఒకటి బరువును బట్టి తేలాయి. మిగతావి ఒక్కో రాయినీ ఒక్కో గీతలో పెట్టి చూడాలి. సరైన రాయి అయితే గీతలో ఒదిగి కూర్చుంటుంది, పెన్సిలు గీత సన్నని అంచులా చుట్టూ సమంగా కనిపిస్తుంది. కాకపోతే ఎక్కడో ఒకచోట పొట్ట పొడుచుకొస్తుంది. ఒదిగిన ప్రతిసారీ నేను నంబరు చెప్పేవాణ్ణి, అటెండరు గోళ్ళ పాలిష్ పూసేవాడు. ఆ సీసాను ఎవరూ అడగకుండానే తెచ్చాడు. మూత తిప్పేటప్పుడు ప్రతిసారీ నావైపు చూసేవాడు.

నాలుగు పుస్తకాలు అలా దాటాయి. తొంభై నాలుగు రాళ్ళు తేలాయి. అయివారు అన్నం కూడా పక్కన పెట్టి, సరిపోయిన రాయిని చేతిలోకి తీసుకుని, అది దొరికిన రోజు వాన ఎంత కురిసిందో చెప్పేవాడు. నేను పట్టికలో టిక్కు పెట్టేవాణ్ణి.

ఐదో పుస్తకం దగ్గర ఆగిపోయాం. అందులో ఇరవైమూడు గీతలు, మా ముందు ఇరవైమూడు రాళ్ళు. గీతలన్నీ అలలు అలలుగా ఉన్నాయి. ఆ పుస్తకం వేసేనాటికి ఆయన చేయి వణకడం మొదలైంది. ఒకే రాయి నాలుగైదు గీతల్లో ఒదిగినట్టే ఉంటుంది, కొన్ని గీతల్లో ఏ రాయీ ఒదగదు. రెండు రోజులు తిప్పి తిప్పి చూశాం. ఆ ఇరవైమూడిట్లో పంతొమ్మిది దక్షిణపు వాలువి. అంతకు ముందు ఆ వాలంతా సర్కారు తుమ్మ కమ్ముకుని ఉండేది. కంప కొట్టించాకే ఆయన అటు పోగలిగాడు. మిగిలిన నాలుగూ ఉత్తరం వైపువి. అంటే, కమిటీకి కావలసిన రాళ్ళు సరిగ్గా ఇవే, మాకు తేలనివీ ఇవే.

అయివారు ఒక రాయి తీసుకుని చాలాసేపు చూశాడు. “ఇది అరుగు బండ కాడిది. రాసుకో.”

గీతలో పెట్టి చూపించాను. సరిపోలేదు.

“చెయ్యి వణికిండాది గానీ కన్ను వణకలేదప్పా. ఇది ఆడిదే.”

ఇంకో మూడు రాళ్ళు చూపించి, ఇవి కూడా అక్కడివేనా అని అడిగాను. అవునన్నాడు. కాసేపటికి అవే రాళ్ళు వేరే వాటితో కలిపి మళ్ళీ ఇచ్చాను. ఈసారి రెండింటికి ఉత్తరం వైపు అన్నాడు. నేను ఆయన్ని పరీక్షించానని ఆయనకు అర్థమైంది. ముఖం ఎర్రబడింది.

“ఇరవైమూడిట్ల పంతొమ్మిది ఆ వాలువే. అన్నీ ఆడివే అని రాసేయ్. నాలుగు తప్పు పోతే ఏంది? ఆ నాలుగు రాళ్ళు వచ్చి నిన్ను అడుగుతాయా?”

నేను రాయనన్నాను. ఇరవైమూడింటినీ కలిపి ఒక ట్రేలో పెడతాను, వీటిలో పంతొమ్మిది దక్షిణపు వాలువి, నాలుగు ఉత్తరం వాలువి, ఏది ఏదో తెలియదు అని రాస్తాను, అది నిజం, అంతకంటే నా దగ్గర లేదు అన్నాను.

“వార్నీషు నువ్వు పూయలేదు. కాగితాలు నువ్వే పారేస్తివి. తప్పులన్నీ నువ్వు చేసి, నిజం మాత్రం నా గుట్ట మీద చెప్తావా,” అన్నాడు. పుస్తకాలు అక్కడే వదిలి, ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన అన్నదాంట్లో సరిదిద్దాల్సింది ఏమీ లేదు. నేను వెతికాను.

కమిటీకి ఇవ్వాల్సిన నివేదికలో నంబర్లు ఎలా పోయాయో ఒక పేరా రాయాలి. అధికారి తనే ఒకటి రాసి పెట్టాడు, వాతావరణంలోని తేమ వల్ల అని. బళ్ళారిలో, తేమ. ఏప్రిల్‌లో ఇక్కడ తడిగుడ్డ ఆరేస్తే క్లిప్పు పెట్టేలోపు ఆరిపోతుంది. నేను దాన్ని తీసేసి మూడు వాక్యాలు రాశాను. నంబర్ల మీద పూత పూయనిది నేను. చోట్లు రాసిన కాగితాలు పారేసింది నేను. కడిగినవారికి పూత లేదని చెప్పనిదీ నేనే. అధికారి చదివి, తన పేరు ఎక్కడా లేదని రెండుసార్లు చూసుకుని, సంతకం పెట్టాడు. ఫైలు కదిలింది.

కమిటీలో ముగ్గురు. మైసూరు వైపు నుంచి వచ్చిన ప్రొఫెసరమ్మ ఒకరు, క్వారీ వేలం చూసే అధికారి ఒకరు, రెవెన్యూ నుంచి ఒకాయన. అయివారు కూడా వచ్చాడు. కిటికీ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. నేను నమస్కారం పెడితే కిటికీలోంచి బయటికి చూశాడు. ఆ కిటికీ బయట కాంపౌండు గోడ తప్ప ఏమీ లేదు.

ప్రొఫెసరమ్మ ట్రేలన్నీ చూసింది. ఏవో పది రాళ్ళు తనే ఎంచి, నంబరు మీద వేలు అడ్డం పెట్టి, పుస్తకంలో వాటి గీత వెతకమంది. పదీ ఒదిగాయి. ఆ తర్వాత నా మూడు వాక్యాలు చదివి, కళ్ళజోడు మీదుగా నన్ను ఒకసారి చూసింది.

క్వారీ అధికారి సూటిగా ఇరవైమూడు రాళ్ళ ట్రే దగ్గరికి వచ్చాడు. ఇందులో దక్షిణపు వాలుది ఒక్కటి చూపించండి అన్నాడు. చూపించలేనన్నాను. పంతొమ్మిది ఉన్నాయని రాశారుగా అన్నాడు. ఉన్నాయి, ఏవో తెలియదు అన్నాను. ఒక్కటీ చూపించలేనప్పుడు ఒక్కటీ లేనట్టే లెక్క కదా అని నవ్వి, కాగితం మీద పెన్ను పెట్టాడు. హాల్లో భోజనాలు సిద్ధమయ్యాయి, వడల వాసన వస్తోంది. మా అధికారి విస్తర్లు వేయించడానికి లేచాడు. అయివారు కిటికీ వైపు నుంచి తల తిప్పలేదు. ఆయన వీపు చూస్తూ నేను నిలబడి ఉన్నాను.

ప్రొఫెసరమ్మ ఆ పెన్ను ఆపమంది. రాళ్ళు చెప్పలేకపోతే చోటు ఉంది కదా, అది ఎంత దూరం అని అడిగింది. ఎవరికీ తెలియదు. అటెండరుకూ, అధికారికీ, పట్టిక రాసిన నాకూ తెలియదు. కిటికీ దగ్గర నుంచి అయివారే, పద్దెనిమిది కిలోమీటర్లు, మళ్ళీ అర కిలోమీటరు ఎక్కాల అన్నాడు. అన్నీ సరిపోయి ఉంటే ఇక్కడే సంతకం పెట్టి అన్నం తినేదాన్ని, సరిపోనివి ఉన్నాయి కాబట్టి చూసి వస్తాను అని ఆమె లేచింది. మా అధికారి వడల వైపు చూసిన చూపుతో శిలాజాన్ని కూడా ఎన్నడూ చూడలేదు.

ఏడాదిగా నేను ఆ గుట్టను రిజిస్టరులో ఎక్కుతున్నాను. కాళ్ళతో ఎక్కడం అదే మొదలు. దక్షిణపు వాలు మీదికి మలుపు తిరగగానే నా బూట్ల కింద గలగల మొదలైంది. నల్లరాతి పెచ్చులు. గొడ్డలి చెక్కినప్పుడు రాలినవి, చాకు అంచులున్నవి, వాలంతా పరుచుకుని ఉన్నాయి. చెక్కుతూ చెక్కుతూ విరిగితే పారేసిన గొడ్డళ్ళు, సగం గొడ్డళ్ళు, తోక లేనివి, అంచు లేనివి. మధ్యలో అరుగులాంటి బండ. దాని నిండా జానెడు పొడవు గాడులు, అరచేతి వెడల్పు, నున్నగా. గొడ్డలి అంచును అరగదీసి అరగదీసి పడ్డవి. ప్రొఫెసరమ్మ బండ మీద కూర్చుని ఒక గాడిలో చేయి పెట్టి కాసేపు తీయలేదు.

క్వారీ అధికారి ముఖం తుడుచుకుంటూ, వీటిలో దేనికీ మ్యూజియం నంబరు లేదు కదా అన్నాడు. నిజంగానే అడిగాడు, వెటకారం కాదు.

“బండకు నంబరు నేను రాయలేదు సార్. మీరే వేసుకోండి,” అన్నాడు అయివారు. “దీన్ని సబ్బు పెట్టి కడిగినా యాడికీ పోదు.”

ప్రొఫెసరమ్మ నన్ను పిలిచి, మీటరు చదరం గీసి అందులో పెచ్చులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టమంది. నాకు చేతనైన పని అది. మోకాళ్ళ మీద కూర్చుని లెక్కపెట్టాను. రాసుకోవడానికి అయివారు పెన్ను తీసుకున్నాడు. నేను చెప్పే అంకెను ఆయన మళ్ళీ పైకి చెప్పి, రాసేవాడు. మూడు చదరాలు అయ్యాయి. ఆ లోపు రెవెన్యూ ఆయన గాడుల బండ మీదే కాగితం పెట్టుకుని, పూర్తి సర్వే అయ్యేదాకా దక్షిణపు వాలును వేలం జాబితా నుంచి తీసేస్తున్నట్టు రాశాడు. ముగ్గురూ సంతకాలు పెట్టారు. సర్వే ఎప్పుడన్నది ఎవరూ రాయలేదు. మా జిల్లాలో ఒక గుట్టకు దొరకగల రక్షణల్లో ఇది గట్టిదే.

వాళ్ళు ముందు దిగిపోయారు, వడలు చల్లారుతున్నాయి కదా. అయివారు మోకాలు పట్టుకుని బండ మీదే ఉండిపోయాడు. నేను పక్కన నిలబడ్డాను. పది రోజుల తర్వాత నాతో మొదటిసారి మాట్లాడాడు.

“నాలుగు అబద్ధాలు రాసింటే అరగంటలో అయిపోయుండేది. ఈ ఎండలో నన్ను ఇంత దూరం ఎక్కిస్తివి కదప్పా.”

అవును సార్ అన్నాను.

“ఎన్ని తూర్లు రమ్మంటిని నిన్ను ఈడికి. నంబర్లు వేసేది ఉండాది, నంబర్లు వేసేది ఉండాది అంటాంటివి.”

దానికీ అవునన్నాను. ఆయన లేచి నా భుజం పట్టుకున్నాడు. దారి జారుడుగా ఉంది. నేను ఒక చేత్తో ఆయన నడుము పట్టుకుని, ఇంకో చేత్తో బండలు పట్టుకుంటూ దింపాను. ఆయన చేయి వణుకు నా భుజానికి తెలుస్తూనే ఉంది. దిగుతూ దిగుతూ ఒక్కో బండ దగ్గర ఆగి, అది ఏదో, దాని కింద ఎప్పుడు ఏం దొరికిందో చెప్పాడు. రిజిస్టరులో లేని చోట్లు కూడా చాలా చెప్పాడు. రాసుకోవడానికి నాకు చేయి ఖాళీ లేదు.